ఇంటి దుబాసీ

బస్ స్టాండు, మూడో నంబరు కౌంటర్
వానలు మొదలైన వారం

చిన్నత్తయ్య గారికి నమస్కారాలు.

నేను మీ అక్కగారి కోడల్ని. నా పెళ్లిలో మీరు అందరికంటే వెనక వరసలో కూర్చున్నారు. ఫొటోకి పిలుద్దామని నేనంటే, "పిలిస్తే వినపడుతుందా ఏంటి?" అని ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఈ మధ్య నాకు పదే పదే గుర్తొస్తోంది.

మా రెండోదాన్ని ఇంట్లో పిట్ట అంటాం. మూడో ఏడు నడుస్తోంది, ఇంకా మాట రాలేదు. మా వైపు పిల్లలకు మాట ఆలస్యమేనని అందరూ అంటుంటే నేనూ నమ్మాను. పోయిన నెల వంటింటి అటక మీంచి పెద్ద డేకిసా జారిపడింది. నేను గుండె పట్టుకుని కేక పెట్టాను. పక్క వాటా ఆవిడ పరిగెత్తుకొచ్చింది. పిట్ట మాత్రం నాకు వీపు పెట్టి, గుమ్మం దగ్గర చెప్పులు వరసగా పేర్చుకుంటూనే ఉంది. కాసేపటికి ఇటు తిరిగి, నేల మీద డేకిసా చూసి, ఇదెప్పుడొచ్చింది అన్నట్టు నా మొహంలోకి చూసింది.

పరీక్షలు చేశారు. రెండు చెవులూ వినపడవన్నారు. ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని డాక్టరు అడిగితే మా ఆయన, అంటే మీ అబ్బాయే, మీ సంగతి చెప్పబోయారు. అత్తయ్య ఆయన చొక్కా పట్టుకుని లాగింది.

మీకు రాస్తానంటే అత్తయ్య ఒకటే మాట అంది: "దాన్ని ఇందులోకి లాగకు." ఎందుకని అడిగాను. మడతపెడుతున్న బట్టలన్నీ ఎత్తుకుని లోపలికెళ్లిపోయింది. ఆవిడ చెడ్డ మనిషి కాదు. పిట్టను చంక దిగనివ్వదు. కానీ మీ పేరెత్తితే గోడ అవుతుంది. మీ చిరునామా మీ అబ్బాయి ఇచ్చారు. ఈ ఉత్తరం సంగతి ఆవిడకు తెలియదు.

వినికిడి లోపం ఉన్నవాళ్ల బతుకు ఎలా ఉంటుంది, చిన్నత్తయ్యా? దానికి మాటలొస్తాయా? ఎప్పటికైనా "అమ్మా" అని పిలుస్తుందా? నేను డ్యూటీ చేసే కౌంటర్ ముందు వరస పెరిగిపోతోంది. ఆపుతున్నాను.

మీ కోడలు

*

ఫ్యాక్టరీ, కటింగ్ హాలు
భోజనాల వేళ

అమ్మాయ్,

ముందు ఒక మాట. "వినికిడి లోపం ఉన్నవాళ్లు" అంటూ అంత మెత్తగా, పడుకున్నవాళ్లను దాటుతున్నట్టు రాయకు. చెవిటిది అని రాయి. ఆ మాట కరవదు. పక్కన "పాపం" చేరిస్తేనే కరుస్తుంది.

నేను బట్టల ఫ్యాక్టరీలో కటింగ్ మాస్టర్ని. గుడ్డ మీద గుడ్డ జానెడెత్తు పేర్చి మెషీన్ కత్తితో కోస్తాం. ఆ రొదకి మిగతావాళ్లు చెవుల్లో దూది కుక్కుకుంటారు. నాకు ఆ బాధ లేదు. ఇది జోకు. నవ్వొచ్చు.

మాటలొస్తాయా అని అడిగావు. నాకు తెలియదు. తెలుసని ఎవరైనా గుండె మీద చెయ్యేసుకుని చెబితే వాళ్లను నమ్మకు. చెవికి మెషీన్లు పెట్టించు, మాటలు నేర్పేవాళ్ల దగ్గరికి తీసుకెళ్లు, ఆలస్యం చెయ్యకు. కానీ నువ్వు అడగని ప్రశ్న ఒకటుంది. మాటలొచ్చేలోపు అది నీతో దేనితో మాట్లాడాలి? ఆకలంటే ఏడుస్తుంది, సరే. కల వస్తే? నీ మీద కోపమొస్తే?

మీ ఊళ్లో లైబ్రరీ మేడ మీద ఆదివారాలు చెవిటి పిల్లల తల్లిదండ్రులు కలుస్తారు. మావాళ్లు, అంటే చెవిటివాళ్లే, వచ్చి చేతి భాష నేర్పుతారు. క్షవరం షాపు నడిపే ఒకాయన దాన్ని చూసుకుంటాడు, కొడుకు చెవిటివాడు. మెషీన్ పాడైతే ఎవరు బాగుచేస్తారో, ఏ డాక్టరు పిల్ల మొహం చూసి మాట్లాడతాడో, ఏ బడి పిల్లను వెనక బెంచీలో కూర్చోబెట్టి మరిచిపోదో వాళ్లను అడుగు. వాళ్లు దెబ్బలు తిని తెలుసుకున్నారు, నువ్వు తినకుండా తెలుసుకోవచ్చు. ఇది ఒక్కదానివే మోసే బరువు కాదు.

మా అక్క ఎందుకలా అందో తనే చెప్పాలి. నేను చెప్పను.

ఫోనులో ముక్కలు ముక్కలుగా పంపకు, ఇలాగే ఉత్తరం రాయి. ఉత్తరానికి మొహం ఉంటుంది.

చిన్నత్త

*

బస్ స్టాండు, మూడో నంబరు కౌంటర్
చలికాలం

చిన్నత్తయ్య గారికి,

జవాబు ఆలస్యమైంది, ఏమీ అనుకోవద్దు. పిట్టకు మెషీన్లు పెట్టించాం. పెట్టిన మరుక్షణం పీకి ఒకసారి నీళ్ల బకెట్టులో, ఇంకోసారి ఆయన బూటులో వేసింది. వారానికి రెండుసార్లు మాటల టీచర్ దగ్గరికి తీసుకెళ్తున్నాం. మంచి మనిషి, ఓపికస్తురాలు. ఆవిడ ఒకటే పట్టుదలగా చెప్పింది: "చేతులు ఊపకండి. సైగ అలవాటైతే నోరు బద్ధకిస్తుంది." అందుకని పిట్ట ఏదైనా వేలితో చూపిస్తే చూడనట్టు ఉండాలి. నోరు కదిపేదాకా ఇవ్వకూడదు. మొదటి రోజు గ్లాసు నీళ్ల కోసం అది నా కాళ్ల మీద పడి దొర్లింది. నేను కిటికీలోంచి బయటికి చూస్తూ నిలబడ్డాను.

అందుకే లైబ్రరీకి వెళ్లలేదు. తప్పుగా అనుకోకండి. మీ అబ్బాయి లిఫ్టులు బాగుచేసే మనిషి కదా, ఎక్కడో ఒక వైరు ఊడి ఉంటుందని ఆయన నమ్మకం. ఆపరేషన్ చేసి చెవి లోపల మెషీన్ పెడతారట. ఎండాకాలంలో చేస్తామన్నారు. "అదొక్కటీ అయితే అన్నీ సర్దుకుంటాయి" అంటారు రోజూ. నరం సన్నగా ఉంది, ఫలితం ఎంతో ఇప్పుడే చెప్పలేం అని కూడా డాక్టరు అన్నాడు. మేం మాత్రం "చేస్తాం" అన్న ముక్క ఒక్కటే ఇంటికి తెచ్చుకున్నాం.

ఒక్కటే అదృష్టం, మా పెద్దది. తొమ్మిదేళ్లది. పిట్ట కనురెప్ప వేస్తే దానికి అర్థమవుతుంది. "అమ్మా, అది ఎర్ర గౌను అడుగుతోంది." "నానమ్మా, దానికి చీమ కుట్టింది." బడి నుంచి రాగానే సంచీ దించకముందే పిట్ట దాని గౌను పట్టుకుని వేలాడుతుంది. మా ఇంటికి అదే దుబాసీ.

కౌంటర్లో మైకు పాడైంది. అద్దం అవతలి వాళ్లకు ప్లాట్‌ఫారం నంబర్లు వేళ్లతో చూపించి చూపించి చేతులు పడిపోతున్నాయి.

మీ కోడలు

*

ఫ్యాక్టరీ, కటింగ్ హాలు

అమ్మాయ్,

అద్దం అవతలి ముక్కూ మొహం తెలియనివాళ్లకు వేళ్లతో చెప్తావు. కడుపున పుట్టినదాని ముందు చేతులు కట్టుకుంటావు.

ఈ వాక్యం రాశాక కొట్టేద్దామనుకున్నాను. కొట్టెయ్యలేదు.

ఆపరేషన్ చేయించు. వద్దనే మనిషిని కాను. మా చెవిటివాళ్ల క్లబ్బులో ఆ మెషీన్‌తో ఫోన్ మాట్లాడే కుర్రవాళ్లున్నారు, పెట్టించుకుని పక్కన పడేసినవాళ్లూ ఉన్నారు. నడక వచ్చేలోపు పాకినంత మాత్రాన కాళ్లు బద్ధకించవు, సైగా అంతే. ఆ టీచర్‌కి నా పేరు చెప్పి ఈ మాట అను.

రెండో సంగతి. దుబాసీ అన్న మాట దగ్గర నా చెయ్యి ఆగిపోయింది. అది అదృష్టం కాదు. పెద్దదాన్ని ఆటకు పంపు. స్నేహితుల ఇళ్లకు పంపు. బడివాళ్లు ఎక్కడికైనా తీసుకెళ్తే పంపు. పిట్టకు తల్లీ తండ్రీ నానమ్మా ఉండగా తొమ్మిదేళ్ల పిల్ల నోరు ఎందుకు కావాల్సొచ్చింది? ఇంతకంటే ఇప్పుడు రాయలేను.

చిన్నత్త

*

ఆసుపత్రి, పిల్లల వార్డు
మళ్లీ వానలు

చిన్నత్తయ్య గారికి,

ఆపరేషన్ ఎండాకాలంలో అయింది. మీకు రాయలేదు. మెషీన్ ఆన్ చేసిన రోజు పిట్ట ఉలిక్కిపడి నా మెడ కరుచుకుంది. మేం ఏడ్చాం, నవ్వాం, అందరికీ ఫోన్లు చేశాం. తర్వాత నెలలు గడిచాయి. తలుపు దబాలున వేస్తే తిరుగుతుంది. లారీ హారన్ కొడితే తిరుగుతుంది. పేరు పిలిస్తే తిరగదు. నరం సన్నం కదా, కొందరికి ఇంతే, ఇంకా చూద్దాం అంటున్నారు. మీ అబ్బాయి టీచర్ దగ్గరికి రావడం మానేశారు. డ్యూటీ ఉందంటారు. డ్యూటీ లేని రోజు కూడా ఉందంటారు.

మీ మాట మనసులో పెట్టుకుని, బడివాళ్లు సముద్రం చూపిస్తామంటే పెద్దదాన్ని పంపాను. అది వెళ్లనని మొండికేసింది, "పిట్టకి ఎవరు?" అని. "మేం లేమా?" అని బస్సెక్కించాను.

అది వెళ్లిన మర్నాడు పిట్ట చెవి వెనక అంటించే మెషీన్ బయటి బిళ్ల పీకి విసిరేసింది. పెట్టాను, పీకింది. కిందపడి కొట్టుకుంది, నా చెయ్యి కొరికింది. మెషీన్ మీద మొండితనం అనుకున్నాను, చిన్నత్తయ్యా. అలవాటు తప్పితే ఇన్ని నెలల కష్టం పోతుందని తలకు గుడ్డపట్టీ బిగించి కట్టాను. ఆయన దాని చేతులు పట్టుకున్నారు. సాయంత్రానికి అరవడం మానేసింది. దారికొచ్చిందనుకున్నాం. పొద్దున ఒళ్లు కాలిపోతోంది. పట్టీ విప్పితే చెవి వెనక ఇంత వాపు, ఎర్రగా. చీము పట్టిందట. ముందు రోజంతా అది నొప్పి, నొప్పి అని చెబుతుంటే నేను దాని మీద పట్టీ బిగించాను.

పెద్దది సముద్రం నుంచి నేరుగా ఇక్కడికొచ్చింది. పిట్టను చూసి నాతో ఏమందో తెలుసా? "నేను ఉంటే చెప్పేదాన్ని కదమ్మా." అప్పటినుంచి బడికి వెళ్లనంటోంది.

మీరు పంపమన్నారు, పంపాను. దూరంగా కూర్చుని ఉత్తరాలు రాయడం తేలిక. ఇక్కడ మంచం పక్కన కూర్చుంటే తెలుస్తుంది.

*

ఇల్లు, నా గది

అమ్మాయ్,

నీ కోపం న్యాయమే. పంపమన్నది నేనే. పంపాక ఇల్లు చెవిటిదైంది. ముందే లైబ్రరీ మెట్లు ఎక్కమని ఇంకా గట్టిగా చెప్పాల్సింది. పిల్లకు ఎలా ఉందో ఒక్క ముక్క రాయి, తిట్టాలంటే ఆ తర్వాత తిట్టు.

చెప్పనన్న సంగతి ఇప్పుడు చెప్తాను. లేకపోతే నేను పెద్దదాని గురించి ఎందుకంత పట్టుబట్టానో నీకు అర్థం కాదు.

చిన్నప్పుడు నాకూ మా అక్కకూ ఒక చేతి భాష ఉండేది. ఎవరూ నేర్పలేదు, మేమే కల్పించుకున్నాం. దుకాణంలో, ఆసుపత్రిలో, బడిలో నా నోరు అక్కే. నాకు పన్ను నొప్పి వస్తే దాని ఆట ఆగిపోయేది. నాకు బోరు కొడితే దాని చదువు ఆగిపోయేది. అది నర్సు కావాలనుకుంది. వేరే ఊళ్లో సీటొచ్చింది. ఆ రోజు అందరం బల్ల చుట్టూ కూర్చున్నాం. మా నాన్న అన్నాడు: "నువ్వెళ్లిపోతే దీనికి నోరెవరే?" పెదవులు చూసి నాకు అర్థమైంది. అలవాటుగా అక్క చేతుల వైపు చూశాను. అక్క చేతులు ఒళ్లో అలాగే ఉన్నాయి. అక్క నాకు చెప్పని మొదటి మాట అదే.

వెళ్లలేదు. తర్వాత పెళ్లయి వెళ్లేటప్పుడు నా ముందు రెండు చేతులూ చాపి, గుప్పిళ్లు మూసింది. అంతే. అప్పటినుంచి నాతో సైగ చెయ్యలేదు. ఎప్పుడైనా కలిస్తే కాగితం మీద "బాగున్నావా" అని రాస్తుంది, పరాయివాళ్లకు రాసినట్టు.

ఫ్యాక్టరీలో చేరాక మావాళ్లు దొరికారు. అప్పుడు తెలిసింది, ఒక్క మనిషి నెత్తిన ఉంటే బరువైన భాష పదిమంది మధ్య పడితే ఉత్త కబుర్లని. కానీ ఆలస్యంగా తెలిసింది. అక్కకు సీటు పోయాక తెలిసింది.

పెద్దది ఊళ్లో లేకపోవడం తప్పు కాదమ్మా. ఆ ఇంట్లో పిట్ట భాష తెలిసింది దానికొక్కదానికే కావడం తప్పు. ఈ ఉత్తరం అక్కకు చూపిస్తావో లేదో నీ ఇష్టం.

చిన్నత్త

*

ఆసుపత్రి, పిల్లల వార్డు

చిన్నత్తయ్యా,

జ్వరం తగ్గింది. మెషీన్ తీయకుండానే పుండు మానొచ్చు అంటున్నారు, ఇంకా గట్టిగా చెప్పలేరట. మానేదాకా బిళ్ల పెట్టకూడదు. అంటే మళ్లీ పూర్తి నిశ్శబ్దం.

మీ ఉత్తరం అత్తయ్యకు చూపించలేదు. చూపించే పని పడలేదు.

నిన్న కట్టు మార్చడానికి వచ్చారు. తెల్లకోటు కనపడగానే పిట్ట గోడకు అతుక్కుపోయి ఒకటే కేకలు. ఇద్దరు నర్సులు, నేను, మీ అబ్బాయి పట్టుకోబోయాం. పెద్దది "ఆగండి, నేను చెప్తా" అని పరిగెత్తుకొచ్చింది. అప్పుడు అత్తయ్య పెద్దదాని భుజం పట్టి వెనక్కి జరిపింది. "నువ్వు బయటికెళ్లి ఆడుకోపో" అంది. మంచం ముందు మోకాళ్ల మీద కూర్చుని పరుపు మీద తట్టింది. పిట్ట చూసింది. అత్తయ్య తన చెవి వెనక వేలు పెట్టి మొహమంతా ముడిచి, ఆ చేతిని మెల్లగా ఊదేసినట్టు గాలిలోకి వదిలింది. కట్టు విప్పడం చూపించింది, తడి గుడ్డ చూపించింది, కొంచెం నొప్పి అని రెండు వేళ్ల మధ్య చూపించింది, అయిపోయాక నేను పట్టుకుంటాను అని ఒడి చూపించింది. నేనెప్పుడూ చూడని చేతులు అవి. వయసు లేని చేతులు. పిట్టకు ఆ సైగలు తెలియవు. కానీ ఎవరో తనతో మాట్లాడుతున్నారని తెలిసింది. ఏడుస్తూనే తల వంచి చెవి చూపించింది.

తర్వాత వరండాలో అడిగాను. "ఏడాదికి పైగా అన్నీ చూస్తూ ఒకే ఇంట్లో ఉండి మాకు ఎందుకు చూపించలేదు అత్తయ్యా?"

"చూపిస్తే ఏమయ్యేది? నువ్వు డ్యూటీకి పోతావు, వాడు డ్యూటీకి పోతాడు. మళ్లీ దానికి నోరు నేనే. ఒక జన్మకు ఒకసారి చాలే తల్లీ, నావల్ల కాదనుకున్నా."

"మరి పెద్దది?"

"చూస్తూనే ఉన్నా" అంది. "చూడనట్టు చూస్తూనే ఉన్నా."

నాకు ఆవిడ మీద కోపం రావాలో జాలి రావాలో తెలియలేదు. రెండూ వచ్చాయి. మీకు రాసిన ఆఖరి మాటలు వెనక్కి తీసుకుంటున్నాను.

మీ కోడలు

*

ఫ్యాక్టరీ, కటింగ్ హాలు

అమ్మాయ్,

వెనక్కి తీసుకోకు, ఉండనీ. నిజంగా కోపమొచ్చి రాసిన ఉత్తరం నాకు అదొక్కటే వచ్చింది. చెవిటిదని అందరూ నాతో మెత్తగానే ఉంటారు.

అక్క నా గురించి ఏమైనా అడిగిందా? అడగకపోతే అడగలేదనే రాయి. సర్దిచెప్పకు.

చిన్నత్త

*

ఇల్లు, వంటగది
చలి మొదలైంది

చిన్నత్తయ్యా,

అడగలేదు. మిమ్మల్ని రమ్మని రాయనా అంటే వద్దనలేదు, రాయమనీ అనలేదు. నేనే రాస్తే ఊరుకుంటుందేమో. కానీ పిలవాల్సింది ఆవిడ. అందుకే ఆగాను.

లైబ్రరీ మేడ మెట్లు ఎక్కాం. క్షవరం షాపు ఆయన మమ్మల్ని చూడగానే "కుర్చీలు లాక్కోండి. ఏడుపులుంటే టీ తాగాక" అన్నాడు. మీ అబ్బాయి చేతులకు స్పానరు పట్టినంత సులువుగా సైగ పట్టడం లేదు. "నీళ్లు కావాలా" అనబోయి ఇంకేదో అన్నారు, హాలంతా ఘొల్లుమంది. ఆయన కూడా నవ్వారు. ఎండాకాలం తర్వాత ఆయన పళ్లు చూడటం అదే మొదలు. కానీ మెట్లు దిగుతూ, "ఇంకో ఆసుపత్రిలో చూపిద్దామా?" అన్నారు. ఆశ చావలేదు ఆయనకి. నాకూ చావలేదు. మాటల టీచర్‌కి చేతి భాష సంగతి చెప్పాను, పోట్లాటకు సిద్ధపడే చెప్పాను. ఆవిడ "మాకు అలాగే నేర్పారండీ. ఇప్పుడు అంత గట్టిగా చెప్పలేను" అంది. పుండు మానింది, బిళ్ల మళ్లీ మొదలుపెట్టాం. వినేది వింటుంది, లేనిది లేదు. కొన్ని రోజులు పొద్దున్నే లేవబుద్ధి కాదు. ఆ రోజుల్లో హాల్లో పరిచయమైన ఒకావిడ వచ్చి పిట్టను తన పిల్లతో పాటు తీసుకెళ్తుంది. ఏమీ అడగదు.

ఇంతవరకు పొద్దున రాశాను. ఇప్పుడు సాయంత్రం. ఈలోపు ఒకటి జరిగింది.

డ్యూటీ నుంచి వచ్చేసరికి ముందుగదిలో గాజు జగ్గు ముక్కలు. పిట్ట ఒక్కతే ఉంది. "ఎవరు?" అని సైగ చేశాను. అది క్షణం కూడా తడుముకోలేదు. "అక్క" అని చూపించింది. ఎలా అంటే, అక్క సోఫా ఎక్కింది, ఎగిరింది, కాలు తగిలింది, జగ్గు పడింది, నేను వద్దన్నాను, అక్క వినలేదు, నేను ఏడ్చాను. అన్నీ చేతులతో, పూసగుచ్చినట్టు. నేను నోరు తెరుచుకుని చూస్తున్నాను. పెద్దదేమో అప్పుడే పక్క వీధిలో ఆట ముగించుకుని, చెమటలు కక్కుతూ గుమ్మంలోకి వచ్చింది. ఇంట్లోనే లేదది!

"అమ్మా, అబద్ధం! అది అబద్ధాలాడుతోంది!" అని కాళ్లు నేలకేసి కొట్టింది.

"ఎందుకలా చెప్పిందో కనుక్కోవే" అన్నాను, పాత అలవాటు కొద్దీ.

"నేనెందుకు కనుక్కోవాలి? నీకు చేతులు లేవా? నువ్వే అడుక్కో. నేను దాంతో మాట్లాడను" అని పిట్ట ఎదురుగా నిలబడి కళ్లు గట్టిగా మూసేసుకుంది. పిట్టకు అంతకంటే అవమానం లేదు. చూడు, చూడు అని నేలను దబదబా బాదుతోంది. ఇది రెప్ప తీయదు.

అత్తయ్య వంటింట్లోంచి వచ్చి అంతా చూసి, గోడకు ఆనుకుని నవ్వడం మొదలుపెట్టింది. కళ్లలో నీళ్లు తిరిగేదాకా నవ్వింది. "దాని చిన్ననానమ్మ పోలికే" అంది. "అదీ ఇలాగే అల్లేది. నోరు నేను కదా, ఆ అబద్ధాలన్నీ మా నాన్న ముందు నేను పైకి చెప్పాలి. దెబ్బలు నాకు పడేవి."

మీ గురించి ఆవిడ నాతో తనంతట తానుగా అన్న మొదటి మాట ఇదే. సర్దిచెప్పడం లేదు, అన్నది అన్నట్టు రాస్తున్నాను.

ముందుగదిలో ఇంకా రభస ఆగలేదు. ఇద్దరిలో ఎవర్ని ముందు తిట్టాలో తేలక, ఈ ఉత్తరం అడ్డం పెట్టుకుని వంటింట్లో కూర్చున్నాను.

మీ కోడలు